వెలగని ఆకుపచ్చ

మా పశువ్యాధుల పరిశోధనశాలలో ముప్పై మూడేళ్లు నేను చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే, యాంటీబాడీలకు రంగు కట్టాను అని చెబుతాను. కరీంనగర్‌లో మా కాలనీ ఆవిడ ఈ మాట విని, "చీరలకు అద్దకం ఏసినట్టా మేడం?" అంది. దాదాపు అంతే అన్నాను. చీరకు వేసిన రంగు అందరికీ కనిపిస్తుంది. మేం కట్టే రంగు నీలి కాంతి పడితేనే ఆకుపచ్చగా వెలుగుతుంది. అప్పుడు కూడా సూక్ష్మదర్శినిలో చూసే మనిషికి తప్ప ఇంకెవరికీ కనిపించదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నలుగురైదుగురు ఈమధ్య ఇంటికి వచ్చి వెళ్లారు. వాళ్ల చేతిలో మంచి పుస్తకాలున్నాయి, మంచి పరికరాలున్నాయి. పుస్తకాల్లో ఉన్నది మళ్లీ రాయను. నా పదోన్నతుల సంగతి ఎవరికీ అక్కర్లేదు. నాకు పని నేర్పిన మనుషుల గురించి, నేను చేసిన తప్పుల గురించి రాస్తాను.

పని ఇదీ. పిచ్చికుక్క కరిచిన పశువు చచ్చిపోతే, దానికి రేబిస్ సోకిందా లేదా అని తేల్చాలి. దాని మెదడు ముక్కను గాజు పలక మీద అద్ది, రేబిస్ క్రిమిని మాత్రమే పట్టుకునే యాంటీబాడీని పైన వేస్తాం. క్రిమి ఉంటే అది పట్టుకుని ఉండిపోతుంది, లేకపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతుంది. కానీ ఈ యాంటీబాడీ కంటికి కనిపించేది కాదు. అందుకే ముందుగా దానికి రంగు కట్టాలి. యాంటీబాడీ ఒక ప్రోటీన్. దాని ఒంటి మీద అక్కడక్కడ అమైన్ కొసలుంటాయి. మా రంగు అణువుకు ఒక కొక్కెం ఉంటుంది. అమైన్ కొస దొరికితే ఆ కొక్కెం పట్టేసుకుంటుంది, ఇక వదలదు. అయితే అది యాంటీబాడీ మీది అమైనా, పక్కనున్న ఇంకో పదార్థంలోనిదా అనే తేడా కొక్కేనికి తెలియదు. ఏది ముందు దొరికితే దాన్ని పట్టుకుంటుంది. నా ఉద్యోగంలోకెల్లా పెద్ద తప్పు నేను ఈ సంగతి తెలిసే చేశాను.

సీసా ముందు అరగంట

మాది చెన్నూరు. తాత, నాన్న ఇద్దరూ కూలీలు. నాన్నను బాపు అనేవాళ్లం. మెథడిస్టు చర్చి బడిలో నా చదువు మొదలైంది. బాపుకు కాగజ్‌నగర్ కాగితపు మిల్లులో పని దొరికాక అందరం అక్కడికి వెళ్లిపోయాం. కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తి చేసి కరీంనగర్‌లో టెక్నీషియన్‌గా చేరేనాటికి నేను సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర తప్ప ఏమీ చూడలేదు.

మా ల్యాబు పెద్ద నరసయ్య సార్. కరీంనగర్ పక్క పల్లెలో రైతు కొడుకు. పశువుల డాక్టరుగా మొదలుపెట్టి పరిశోధనలోకి వచ్చారు. మొదటి రోజు నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి, ఫ్రీజర్‌లోంచి చిటికెన వేలంత సీసా తీసి నా ముందు పెట్టారు. అడుగున నారింజ రంగు పొడి ఉంది. నేను మూత మీద చెయ్యి వేశాను.

"ఆగు," అన్నారు. "గిప్పుడే చలిలకెల్లి బయటికొచ్చింది. జర గదికి అలవాటు కానియ్యి."

"ఎంతసేపు సార్?"

"దాన్నే చూస్తుండు. అదే చెప్తది."

ఆయన పత్రిక చదువుకుంటూ కూర్చున్నారు. నేను సీసాను చూస్తూ కూర్చున్నాను. గాజు మీద ముందు తెల్లటి పొగ కమ్మింది. తర్వాత అది చిన్న చిన్న నీటి బొట్లయింది. కొంతసేపటికి బొట్లు కూడా ఆరిపోయాయి. అరగంట పట్టింది.

"చూసినవా బిడ్డా? ముందే మూత తీసుంటే గీ చెమటంతా లోపలికి పోయేది. తడి తాకితే కొక్కెం ఖరాబైతది. రంగు రంగే ఉంటది గనీ దేనికీ కట్టదు. బయటికెల్లి చూస్తే తెల్వను గూడ తెల్వది."

ఆయన నాకు చెప్పిన తొలి పాఠం ఇదే. ముప్పై మూడేళ్లలో ఎన్ని వందల సీసాలు తెరిచానో లెక్కలేదు కానీ, ఒక్క సీసానూ తొందరపడి తెరవలేదు. నా తొందర వేరే చోట బయటపడింది, అది తర్వాత చెబుతాను.

చేరిన మూడో నెలలో నాకో తెలివైన ఆలోచన వచ్చింది. రంగు ఎక్కువ కడితే వెలుగూ ఎక్కువే కదా అని, సార్‌కు చెప్పకుండా మూడింతలు వేశాను. పలకలు చూద్దును కదా, రోగమున్న మెదడూ వెలిగింది, ఆరోగ్యంగా ఉన్న మెదడూ వెలిగింది, గాజు మీది గీతలు కూడా వెలిగాయి. ఒంటి నిండా రంగు మోసిన యాంటీబాడీ తను పట్టుకోవలసినదాన్ని మరిచి, కనిపించిన ప్రతిదానికీ అతుక్కుపోతుందని అప్పుడు తెలిసింది. సార్ చూసి పదిమంది ముందే అరిచారు.

"ఇల్లంత సున్నం కొట్టినవ్. ఇగ దొంగ ఏడ నిలవడ్డడో ఎట్ల చెప్తవ్ చెప్పు?"

నేను ఏడ్చాను. మర్నాడు పొద్దున నా బల్ల మీద స్టీలు డబ్బాలో సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టె ఉంది, వాళ్లింట్లో చేసిందే. ఆయన క్షమాపణ ఎప్పుడూ ఇలాగే ఉండేది. పదిమందిలో అరవడం తప్పేనని ఇవాళ్టికీ అంటాను. ఆ తప్పు వల్ల ఇద్దరు మంచి టెక్నీషియన్లు ఆయన్ను వదిలి వెళ్లిపోయారు. నేను ఉండిపోవడానికి సర్వపిండి కొంత కారణమైతే, ఆయన తన తప్పులను కూడా అంతే గట్టిగా అరిచి చెప్పుకోవడం ఇంకో కారణం.

బాపు చెప్పిన తెలుపు

ఒక ఎండాకాలం మా పలకల మీద నీలం కలిసిన తెల్లటి మెరుపులు కనిపించడం మొదలైంది. సన్నటి దారప్పోగుల్లా అక్కడక్కడ పడి ఉండేవి. రంగు మార్చాం, నీళ్లు మార్చాం, గాజు పలకలను యాసిడ్‌లో నానబెట్టాం. పదిహేను రోజులు గడిచినా అవి పోలేదు. నరసయ్య సార్ కూడా చేతులెత్తేశారు.

ఆ ఆదివారం కాగజ్‌నగర్ వెళ్లాను. చర్చి నుంచి వచ్చి అన్నాలు తింటున్నప్పుడు నా ముఖం చూసి బాపు అడిగాడు. చెప్పాను. ఆయన నాలుగో తరగతి వరకే చదివాడు. ముద్ద కలుపుతూ విన్నాడు.

"గాజును దేనితోని తుడుస్తున్నవ్ బిడ్డా?"

"కాగితంతోని బాపు. మొన్న కొత్తగ తెప్పిచ్చినం. మస్తు తెల్లగ, మెత్తగున్నది."

"మస్తు తెల్లగనా?" బాపు నవ్వాడు. "కర్ర గుజ్జు ఊకెనే గంత తెల్లగైతదా? తెలుపు కనవడాలని మందు కలుపుతరు. మా మిల్లుల నేనే బకెట్లకొద్ది పోసిన. ఎండల పెట్టి చూడు, నీలంగ మెరుస్తది."

మర్నాడు ల్యాబుకు వెళ్లగానే ఆ కాగితం ముక్క ఒకటి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. అచ్చం ఆ మెరుపే. తుడవడానికి ఉతికి ఉతికి పాతబడిన నూలు గుడ్డ వాడటం మొదలుపెట్టాం, మెరుపులు పోయాయి. సార్ పొట్ట పట్టుకుని నవ్వారు. "మీ బాపును గీడికి తోల్కరా. నా కుర్సీ ఆయనకిస్త," అన్నారు.

మిల్లు మూతపడిన నాలుగేళ్లు బాపు రోజూ సాయంత్రం గేటు దాకా నడిచి వెళ్లి, మూసి ఉన్న గేటు చూసి వచ్చేవాడు. అప్పటికి ఆయన ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది. మళ్లీ తెరిచారని తెలిసిన రోజు నాకు ఫోను చేసి, "బిడ్డా, పొగొస్తున్నది," అన్నాడు. మన ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు మన బల్ల దగ్గరే ఉండాలని లేదని పిల్లలకు చెప్పడానికి నాకు బాపు కంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

బోథ్ నుంచి వచ్చిన డబ్బా

నేను చేరిన ఆరో సంవత్సరం అనుకుంటాను. నరసయ్య సార్ సమావేశాల కోసం వారం రోజులు హైదరాబాద్ వెళ్లారు. ఆ సోమవారమే ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి బస్సులో ఒక థర్మోకోల్ డబ్బా వచ్చింది. లోపల ఐసు మధ్య ఎద్దు మెదడు ముక్క, పైన బోథ్ పశువుల డాక్టరు రషీద్ గారి ఉత్తరం.

ఎద్దు మేత మానేసి చొంగ కారుస్తుంటే, గొంతులో జొన్న దంటు ఇరుక్కుందనుకుని యజమానురాలు మోచేతి దాకా దాని నోట్లో చెయ్యి పెట్టి వెతికింది. పళ్లు గీసుకుని మణికట్టు మీద రక్తం వచ్చింది. నాలుగో రోజుకు ఎద్దు చచ్చిపోయింది. ఆమె పేరు గంగుబాయి. ఆదిలాబాద్ ఆసుపత్రిలో సూదులు మొదలుపెట్టారు, తొందరగా తేల్చి చెప్పండి అని రషీద్ గారు రాశారు.

ఇప్పటి పిల్లలకు ఆ సూదుల సంగతి తెలియదు. అప్పట్లో రేబిస్‌కు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. పొట్ట వాచిపోయి, కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక మనుషులు నరకం చూసేవాళ్లు. పశువుకు రోగం లేదని పరీక్షలో తేలితే మధ్యలోనే ఆపేసేవారు. అందుకే మా మాట కోసం అంతగా ఎదురుచూసేవాళ్లు.

మా దగ్గర రంగు కట్టిన యాంటీబాడీ అయిపోవచ్చింది. కొత్తది సగంలో ఉంది. రేబిస్ టీకా వేసిన మేక రక్తం నుంచి యాంటీబాడీని విడదీయడానికి అమ్మోనియం సల్ఫేట్ అనే ఉప్పు వాడతాం. తర్వాత దాన్ని పూర్తిగా వదిలించాలి. ద్రవాన్ని పల్చటి గొట్టంలాంటి సంచిలో పోసి, రెండు కొసలూ కట్టి, మామూలు ఉప్పునీళ్ల బీకరులో వేలాడదీసి, రెండు రోజులపాటు నీళ్లు మారుస్తూ ఉండాలి. చివర్లో బయటి నీళ్లలో బేరియం క్లోరైడ్ ఒక చుక్క వేసి చూడాలి. నీళ్లు పాలలా విరిగితే ఆ ఉప్పు ఇంకా ఉన్నట్టు. అది మిగిలితే ముప్పే, ఎందుకంటే మా రంగు కొక్కేనికి అమ్మోనియా కూడా అమైన్ లాగే కనిపిస్తుంది.

ఆ రోజు కరెంటు నాలుగు గంటలు పోయింది. నీళ్లు కలిపే యంత్రం ఆగిపోయింది. ఇంకా మూడుసార్లు నీళ్లు మార్చాలి. రషీద్ గారు రెండుసార్లు ఫోను చేశారు. ఒక్కసారి మార్చి, చాల్లే అనుకున్నాను. బేరియం చుక్క వేస్తే విరుగుతుందేమోనని భయమేసింది. విరిగితే మళ్లీ ఆగాలి. అందుకే వెయ్యలేదు. ఈ చివరి మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

రంగు కట్టాక మిశ్రమాన్ని జెల్లు నింపిన గాజు గొట్టంలో పోస్తాం. రంగు కట్టిన యాంటీబాడీ ముందు దిగుతుంది, ఎక్కడా కట్టని రంగు వెనక నెమ్మదిగా వస్తుంది. రెండు పట్టీలు విడివిడిగా కనిపిస్తాయి. ఆ రోజు ముందు పట్టీ వెలవెలబోతూ దిగింది, వెనక పట్టీ చిక్కగా ఉంది. రంగు కాస్త ఎక్కువ తూచానేమోలే అనుకున్నాను. ప్రతి పరీక్షతోపాటు, రోగం ఉందని ముందే తెలిసిన పాత పలక ఒకటి పెడతాం. దాన్ని కంట్రోలు అంటాం. అది మసకగా ఉంది. దీపం పాతబడింది కదా అనుకున్నాను. ఎద్దు మెదడు పలక మీద నాకు ఏమీ కనిపించలేదు.

మా ల్యాబు ఫోనుకు బయటి ఊళ్ల నుంచి రావడమే తప్ప ఇక్కడి నుంచి కలిపే వీల్లేదు కాబట్టి, బుధవారం బయట టెలిఫోను బూత్‌కు వెళ్లి బోథ్‌కు చెప్పాను: "లేదండీ."

"శుక్రియా మేడం, బహుత్ శుక్రియా," అన్నారు రషీద్ గారు. "పాపం ఆ గంగుబాయి మూడు సూదులకే మస్తు పరేషాన్ల ఉన్నది. ఇప్పుడే కబురు పంపుత."

ఆ సాయంత్రం చాలా సంతోషంగా ఇంటికి వెళ్లాను.

నరసయ్య సార్ సోమవారం వచ్చారు. భుజం మీది సంచి కూడా దించకుండా బల్ల మీది గొట్టాలు చూశారు. వెనక పట్టీ రంగును నేను పట్టి ఉంచిన గొట్టాన్ని వెలుతురుకు పట్టుకున్నారు.

"గిది గింత చిక్కగెందుకున్నది? బేరియం ఏసినవా?"

"ఎయ్యలే సార్."

"కంట్రోలు ఎట్లున్నది?"

"మసకగుండె సార్. దీపం..."

"వాళ్లకు ఏం చెప్పినవ్?"

"లేదని చెప్పిన."

అరుస్తారనుకున్నాను. అరవలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి నెమ్మదిగా అన్నారు. "కంట్రోలు ఎలగనప్పుడు లేదు అనే హక్కు నీకు లేదు. తెల్వదు అనాలె. గంతే అనాలె."

పరీక్ష మళ్లీ చేసేదాకా ఆయన ఆగలేదు. అప్పటికప్పుడు వెళ్లి రషీద్ గారికి ఫోను చేసి, సూదులు మళ్లీ మొదలుపెట్టించమన్నారు. గంటలో జవాబు వచ్చింది. గంగుబాయి రానంటోంది.

"నువ్వు పో," అన్నారు నాతో. "పోయి ఉన్నదున్నట్టు చెప్పు. నేను గిక్కడ సంచీ మళ్ల కట్టి మొదటికెల్లి చేస్త."

పత్తి చేలో

మా ఆయనకు చెప్పి, నిర్మల్ మీదుగా బస్సులో బోథ్ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. రషీద్ గారు స్కూటరు మీద పల్లెకు తీసుకెళ్లారు. గంగుబాయి చేలో ఉంది. నాకంటే ఒకటి రెండేళ్లు చిన్నదేమో. ఒడిలో పత్తి నింపుకుని, పొట్ట ఒరుసుకోకుండా పక్కకు ఒంగి నడుస్తోంది. భర్త మస్కట్‌లో మేస్త్రీ పనిలో ఉన్నాడు. ఇంట్లో తనూ, అత్తా.

"ఈమెనే పరీక్ష చేసిన మేడం," అన్నారు రషీద్ గారు.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీరే గద లేదన్నది?"

"నేనే. తప్పు చెప్పిన."

"అయితే ఉన్నదా?"

"తెల్వదు. మా సార్ మళ్ల చేస్తున్నడు. రెండు రోజులైతే గనీ తెల్వది. అప్పటిదాంక ఆగద్దు, సూదులు తీసుకోవాలె."

"మొన్న లేదంటిరి. ఇయ్యాల తెల్వదంటున్రు. రేపేమంటరు?" ఆమె గొంతు పెంచలేదు. కొంగు జరిపి పొట్ట చూపించింది. మూడు చోట్ల ఉబ్బి ఎర్రగా ఉంది. "గిది మీకు గుచ్చితే తెలుస్తది."

నేను గట్టు మీద కూలబడ్డాను. ఎలా చెప్పాలో తెలియక జరిగిందంతా మొదటినుంచీ చెప్పాను. యాంటీబాడీకి కట్టాల్సిన రంగు, సరిగా కడగని ఉప్పుకు ఎలా కట్టిందో, దానివల్ల వెలగాల్సింది వెలగకపోతే రోగం లేదని నేను ఎలా అనుకున్నానో. కరెంటు పోయిందని మొదట అన్నాను. తర్వాత, కరెంటు పోయినా నేను ఆగాల్సిందని అన్నాను. రషీద్ గారు పక్కకు తిరిగి నిలబడ్డారు. గంగుబాయి చేతిలోని పత్తి కాయను ఒలుస్తూ మొత్తం వింది.

"అంటే ఎలుగు లేని కందిలి పట్టుకుని కొట్టంలకు పోయి, పాము లేదని చెప్పినవన్నట్టు," అంది.

"అవును."

"మరి పాము ఉన్నా ఉండచ్చు."

"ఉన్నా ఉండచ్చు."

ఒలిచిన పత్తిని ఒడిలో వేసుకుని, "నేను రోజూ ఆదిలాబాద్ పోతే పత్తి ఎవలు ఏరాలె? మా అత్తకు కండ్లు కనవడయ్," అంది.

"పొద్దుగాల నేను గూడ ఏరుత. పగటీలి ఇద్దరం కలిసి పోదం. అన్ని సూదులు అయ్యేదాంక ఉంట."

నేనెందుకలా అన్నానో తెలియదు. ముందుగా అనుకుని వెళ్లిన మాట కాదు. ఆమె మొదటిసారి నవ్వింది. "మీకు పత్తి ఏరొస్తదా?"

రాదు. మొదటి రోజే కాయల ముళ్లకు వేళ్లన్నీ చీరుకుపోయాయి. నేను ఒక సాలు పూర్తి చేసేలోపు ఆమె నాలుగు పూర్తి చేసేది. వాళ్లత్త నా వేళ్లకు పసుపు రాస్తూ, "గీమె రంగు ఏస్తదట, మనం గీమెకు రంగేస్తున్నం," అని నవ్వింది. పొద్దున చేలో, మధ్యాహ్నం బస్సులో, సాయంత్రానికి ఇంటికి. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. మేడం అని పిలిచే గంగుబాయి రెండో రోజుకే అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. సూది గుచ్చేటప్పుడు నా మణికట్టు పట్టుకునేది. రెండు గాజులు అలాగే చిట్లాయి.

మూడో రోజు పొద్దున మేం చేలో ఉండగా రషీద్ గారి స్కూటరు గట్టు దగ్గర ఆగింది. ఆయన దిగకుండానే నా వైపు చూశారు. ఆ చూపుతోనే నాకు అర్థమైంది.

"నరసయ్య సాబ్ ఫోన్ చేసిండు," అన్నారు. "ఉన్నది. మస్తుగున్నది."

నేను చెప్పిన ఆ ఒక్క 'లేదు' వల్ల ఆమెకు ఆరు రోజులు సూదులు ఆగిపోయాయి. గంగుబాయి ఒడిలోని పత్తిని మూటలోకి వంచింది. కొంగు దులుపుకుంది.

"అక్కా, ఇయ్యాల జర ముందటి బస్సుకే పోదం," అంది.

పదకొండు రోజులు ఆమె పక్కనే ఉన్నాను. చివరి సూది అయ్యాక కూడా నెలల తరబడి రషీద్ గారికి వారం వారం ఫోను చేసేదాన్ని. ఆయన ప్రతిసారీ, "మీ చెల్లె మంచిగున్నది, ఫికర్ చెయ్యకున్రి," అనేవారు.

కొత్తగా వచ్చేవాళ్లతో

ఇప్పుడు సూదులు చేతికి వేస్తున్నారు, నాలుగైదుతో అయిపోతుంది. అనుమానం ఉంటే వెంటనే మొదలుపెడతారు, పరీక్ష ఫలితం కోసం ఆగరు. ఆగకూడదు కూడా. ఇది తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పాలి.

రంగులు మారాయి. నా కాలపు రంగు చూస్తుండగానే వెలిసిపోయేది, ఇప్పటివి గంటసేపు నిలుస్తాయి. కొక్కేలు కూడా మెరుగయ్యాయి. పెట్టె తెరిస్తే అన్నీ తూచి సిద్ధంగా ఉంటాయి. నాకు ఈర్ష్య ఏమీ లేదు, సంతోషంగా వాడాను. అయినా అమైన్ ఎక్కడ దొరికితే అక్కడ కట్టడమనే దాని గుణం మారలేదు. ఉద్యోగం చివరి సంవత్సరాల్లో పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి రంగు కట్టలేదని ఏడుస్తూ వచ్చింది. చూస్తే, యాంటీబాడీ ఉన్న ద్రావణంలోనే ట్రిస్ అనే రసాయనం కలిసి ఉంది. దానికీ అమైన్ ఉంది. రంగంతా దానికి పోయింది. మందలించాలనిపించలేదు. కూర్చోబెట్టి గంగుబాయి కథ చెప్పాను.

నరసయ్య సార్ గురించి ఒక మాట. ఈ సంగతి పై ఆఫీసుకు తెలిసి జవాబు అడిగినప్పుడు ఆయన తప్పంతా నా మీద పెట్టలేదు. రెండో మనిషి చూడకుండా ఫలితం పంపే పద్ధతి ల్యాబులో ఉండటం తన తప్పేనని రాశారు. అది నిజమే కూడా. వారం రోజులు వెళుతూ ఆయన ఎవరికీ బాధ్యత అప్పగించలేదు. నా మీది ప్రేమతో అలా రాశారని అందరూ అనుకున్నారు. లెక్క సరిగా ఉండాలని రాశారని నేననుకుంటాను. ఆ తర్వాత ప్రతి పలకనూ ఇద్దరం విడివిడిగా చూసి, విడివిడిగా రాసి, అప్పుడు పోల్చుకునేవాళ్లం. ఆయన ఒక్కరే చూసిన పలకను కూడా నేను ఒప్పుకునేదాన్ని కాదు. దానికి ఆయనకు కోపం వచ్చేది. ఒకటి రెండుసార్లు నేనే సరి అని తేలింది. ఆ రోజుల్లో సర్వపిండి రాలేదు.

ఎద్దు పేరు

మరుసటి ఏడు శివరాత్రి ముందు గంగుబాయి కరీంనగర్ వచ్చింది. భర్త సెలవు మీద వచ్చాడు. ప్రాణం దక్కితే వేములవాడ గుడిలో కోడెను కడతానని మొక్కుకుందట. ఆ మొక్కు తీర్చి, తిరుగు దారిలో అడ్రసు అడుగుతూ మా ల్యాబుకు వచ్చారు. ఆమె చేతిలో ప్రసాదం, ఒంటి మీద కొత్త చీర. పొట్ట నొప్పి పోయిందా అని అడిగితే, "బరువులు మొయ్యంగ మొయ్యంగ అదే పోయింది," అంది.

కాసేపు కూర్చున్నాక నెమ్మదిగా అడిగింది. "అక్కా, నువ్వు చూసిందేందో నాకు గూడ ఒక్కసారి చూపియ్యరాదు?"

నేను సార్ వైపు చూశాను. మెదడు ముక్క ఫ్రీజర్‌లో ఇంకా ఉంది. ఆయన తలూపారు. కొత్తగా పలక చేసి, యాంటీబాడీ వేసి, వేడి పెట్టెలో అరగంట ఉంచి, కడిగాను. గది తలుపులు, కిటికీలు మూశాం. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను. ముందు ఏమీ కనిపించడం లేదంది. తర్వాత ఊపిరి బిగబట్టింది.

"గీ పచ్చ పచ్చగున్నయేనా?"

"అవే."

"శెనగాకు మీద మంచు పడ్డట్టున్నయ్." చాలాసేపు చూసింది. కన్ను తీయకుండానే అడిగింది. "గిది మా సర్జాదే గద?"

ఎద్దుకు పేరుందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె ఇంట్లో పదకొండు రోజులు తిన్నాను, ఆమె చేలో పని చేశాను, కానీ చచ్చిపోయిన ఎద్దు గురించి ఒక్క మాటా అడగలేదు. నాకు అది మెదడు ముక్క, అంతే.

"అవును," అన్నాను.

ఆమె లేచి కళ్లు తుడుచుకుంది. కన్ను ఆనించిన చోట తడి అంటిందని, ఆ గాజును కూడా కొంగుతో తుడవబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఇద్దరం నవ్వాం.

"దూడప్పుడు మా అవ్వగారింటికెల్లి తోల్కొచ్చిన. మీ పుస్తకంల దాని పేరు రాసిన్రా?"

"నంబరు రాసినం."

"పేరు రాయున్రి."

నరసయ్య సార్ బీరువా తెరిచి ఆ ఏటి నమూనాల పుస్తకం తీశారు. పేజీలు తిప్పి వరస వెతికారు. నేను రాసిన 'లేదు'ను ఒక గీతతో కొట్టేసి, కింద ఆయన చేతితో రాసిన 'ఉన్నది' అక్కడ ఉంది. నంబరు పక్కనున్న ఖాళీలో ఆమె చూస్తుండగానే రాశారు.

గంగుబాయికి చదువు రాదు. పుస్తకం నా వైపు జరిపింది.

"చదువు అక్కా."

సర్జా, ఎద్దు, బోథ్ అని చదివాను.